ఇరవయ్యొక్క రోజులు ఎవరూ రావద్దు

నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒకటుంది: "ఇతని పర్యవేక్షణ లోపం వలన ప్రభుత్వ బాక్టీరియా తమ విధులను నిర్వర్తించలేకపోయినవి." ఇరిగేషన్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్లు రకరకాల మచ్చలు తెచ్చుకున్నారు. గట్టు తెగిందని, గేటు తుప్పు పట్టిందని, కొలతల పుస్తకం ఎలుకలు కొట్టాయని. కంటికి కనపడని జీవుల చేత పని చేయించుకోలేకపోయాడని మాట పడ్డవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అది ఎలా సంపాదించానో చెబుతాను. చెప్పడంలో కాస్త గొప్ప కూడా ఉంది, దాచను.

దొండవరం కాలువ నక్కలవాగును దాటే చోట ఒక అక్విడక్టు ఉంది. అంటే కాలువ ఒక కాంక్రీటు తొట్టిలోకి ఎక్కి, స్తంభాల మీదుగా వాగు దాటి, అవతల మళ్ళీ నేల మీదికి దిగుతుంది. మూడో స్తంభం దగ్గర ఆ తొట్టి అతుకు విడింది. పగులు బారెడు పొడవు, చూపుడువేలు దూరేంత వెడల్పు. కాలువ నీళ్ళలో సగం అక్కడే వాగులోకి దూకేవి. కింద గేదెలు హాయిగా స్నానాలు చేసేవి. ఏటా ఎండాకాలంలో మేము సిమెంటు మెత్తేవాళ్ళం, ఏటా మొదటి నీళ్ళకే అది ఊడి గేదెల మీద పడేది.

మిగిలిన సగం నీళ్ళు దారిలో ఉన్న ఊళ్ళకే చాలేవి కావు. కాలువ చిట్టచివరనున్న పోలుకొండకు తడి కూడా చేరేది కాదు. ఆ ఊరి రైతు శేషారత్నం. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, రెండున్నర ఎకరాల వరి ఉంది. ఆ ఏడు నాట్లు వేసిన వారానికే ఆమె మా సెక్షన్ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చోవడం మొదలెట్టింది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. టిఫిను గిన్నె పక్కన పెట్టుకుని నావంక చూస్తూ కూర్చునేది. తిట్టేవాళ్ళతో ఎలా వేగాలో ఉద్యోగంలో చేరిన ఏడాదికే మాకు తెలిసిపోతుంది. ఊరికే చూసేవాళ్ళను ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు మా వాచ్‌మన్ వచ్చి, ఆఫీసు వెనక గోడను ఎవరో ఆడమనిషి చెంచాతో గీకుతోందని చెప్పాడు.

ఆ గోడ సంగతి చెప్పాలి. మా ఆఫీసుకు మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి డివిజన్ ఆఫీసులో ఉంది. అందుచేత ముప్ఫై ఏళ్ళుగా సిబ్బందీ, కాంట్రాక్టర్లూ, అర్జీదారులూ అందరూ ఆ వెనక గోడ దగ్గరికే వెళుతున్నారు. "ఇచ్చట మూత్ర విసర్జన నిషేధం" అని పెద్దక్షరాలతో రాసి ఉండటం వల్ల చోటు వెతుక్కునే ఇబ్బంది కూడా లేదు.

గీకుతున్నావిడ డాక్టర్ మెహరున్నీసా. టౌన్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతారు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని, చేతిలో సీసా పట్టుకుని ఉన్నారు.

"సార్, మీ గోడ చాలా బాగుంది," అన్నారు.

నేను తలెత్తలేకపోయాను. ఆవిడ మాత్రం నిజంగానే మెచ్చుకుంటున్నారు.

"ఇటుకల మధ్య సున్నం ఎప్పుడో రాలిపోయింది చూడండి. మరి గోడెందుకు పడలేదంటారు? ఈ తెల్లపెచ్చు పట్టుకుని నిలబెట్టింది. మూత్రంలో యూరియా ఉంటుంది కదా, దాన్ని విరగ్గొట్టి బతికే బాక్టీరియా ఉన్నాయి. విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది, ఈ ఘాటు వాసన అదే. దాంతోపాటు కార్బనేటు కూడా పుడుతుంది. పక్కన కాల్షియం దొరికితే రెండూ కలిసి ఆ బాక్టీరియా ఒంటి చుట్టూనే గడ్డకడతాయి. అదే సున్నపురాయి. అవి పనిగట్టుకుని చేసేదేం లేదు సార్. వాటి మానాన అవి తిని బతుకుతుంటే చుట్టూ రాయి పుట్టుకొస్తుంది."

తింటూ కూర్చుంటే పని దానంతటదే అవుతుందన్నమాట. మా శాఖ మొదటినుంచీ నమ్ముతున్నది అదే.

ఈలోగా బల్ల మీంచి లేచొచ్చిన శేషారత్నం మా వెనక నిలబడి వింటోంది. "అమ్మా, ఆ రాయి పగుల్లో పుట్టించొచ్చా?" అంది.

"పుట్టించొచ్చు. పగుల్లో ఇసుక దట్టించి, వీటిని అందులో వదిలి మేత పెడుతుంటే, ఇసుకంతా రాయిలాగా అతుక్కుంటుంది."

"మేతంటే ఏంటమ్మా?"

"యూరియా. కొంచెం కాల్షియం. కాల్షియం మా ల్యాబులో ఉంది."

"యూరియా నా ఇంట్లో అరబస్తా ఉంది. ఎన్నాళ్ళు పడుద్ది?"

"ఇరవయ్యొక్క రోజులు. ఎండిపోకూడదు. ఎవరూ కదిలించకూడదు, మందులు కొట్టకూడదు. అంతే."

"కోడి పొదిగినట్టేగా," అంది శేషారత్నం. ఈ శాస్త్రాన్ని అంత తేలిగ్గా పట్టుకున్న మనిషిని ఆ తరవాత నేను మా శాఖలో ఏ స్థాయిలోనూ చూడలేదు.

ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాం. కాలువకు నీళ్ళు ఆపేసిన రోజు చూసి పగుల్లో ఇసుక దట్టించాం. మెహరున్నీసాగారు గోడ మీంచి తెచ్చిన బాక్టీరియాను రెండు డ్రమ్ముల్లో పెంచి పోశారు. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర వాడేసిన సెలైన్ సీసాలు తెచ్చి, వాటిలో యూరియా నీళ్ళు నింపి, తొట్టి అంచుకు వరసగా వేలాడదీశాం. చుక్కా చుక్కా పగుల్లో పడుతుండేది. కాలువకు సెలైన్ ఎక్కిస్తున్నారని చూసిపోయే జనం నవ్వేవాళ్ళు. శేషారత్నం రోజూ పొద్దున్నే వచ్చి సీసాలు నింపి వెళ్ళేది.

పద్నాలుగో రోజుకు పగులు నిండా తెల్లటి రాయి. గోరుతో గీకితే గోరు అరిగింది. ధారగా పడే నీళ్ళు చుక్కలయ్యాయి. గేదెలు కింద నిలబడి పైకి చూస్తున్నాయి. ఇంకొక్క వారం మేత పెడితే ఆ చుక్కలూ ఆగుతాయన్నారు మెహరున్నీసాగారు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. మా వారపు నివేదికలో "విశేషములు" అని ఒక గడి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా అందులో "లేవు" అని రాస్తున్నాను. ఆ వారం చెయ్యి ఊరుకోలేదు. "బాక్టీరియా సహాయంతో అక్విడక్టు పగులు పూడినది" అని రాశాను. రాసి, మురిసిపోయి, రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మర్నాడే ఈ.ఈ. త్రివిక్రమరావుగారు, అంటే మా డివిజన్ పెద్ద, తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. ఆయన కంటే గంట ముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్ బలరామయ్య వచ్చాడు, రెండు బస్తాల బ్లీచింగ్ పౌడరుతో.

పెద్దవాళ్ళు వచ్చే దారికి బ్లీచింగుతో గీత గీయడం మా ప్రాంతంలో ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఈ.ఈ. స్థాయికి ఒక గీత. కలెక్టరుకు రోడ్డుకు రెండు వైపులా. మంత్రికి రెండు వైపులా గీతలు, మధ్యలో చల్లుడు. పూలదండ మరిచిపోతే నవ్వి ఊరుకుంటారు. గీత మరిచిపోతే మెమో వస్తుంది. బలరామయ్య ఈ విద్యలో ఆరితేరినవాడు. దారం పట్టకుండానే తిన్నగా గీస్తాడు. దారి పొడవునా గీసుకుంటూ వచ్చి, అక్విడక్టు ఎక్కి, సెలైన్ సీసాల కింద, పగులు మీద, పిడికిళ్ళతో చల్లేశాడు.

మెహరున్నీసాగారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, ఏంటండీ ఇది! బ్లీచింగ్ బాక్టీరియాను చంపడానికే కదా!"

"అవును మేడమ్, చెడ్డ బాక్టీరియాను."

"మంచివేవో చెడ్డవేవో పౌడరుకెలా తెలుస్తుంది?"

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నామీద ఒక్క మంచి బాక్టీరియా కూడా ఫిర్యాదు చెయ్యలేదండి," అన్నాడు బలరామయ్య నొచ్చుకుంటూ. "అయినా ఇందులోనూ కాల్షియం ఉంది. మీరు పోసేదీ అదేగా? వాటికి బలం పోసినట్టే అనుకోండి."

త్రివిక్రమరావుగారు జీపు దిగి, గీత వెంట నడిచొచ్చి, పగులును గంభీరంగా చూశారు. "సదరు బాక్టీరియా స్వస్థలం ఏది?" అని అడిగారు.

"మీ సెక్షన్ ఆఫీసు వెనక గోడ సార్," అన్నారు మెహరున్నీసాగారు. ఆవిడకు అబద్ధం రాదు.

"అనగా?"

నేను వివరించాను. ఆయన ముఖం ఎర్రబడింది. "శాఖ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. ఆ గోడను తక్షణమే శుద్ధి చేయించండి," అన్నారు. తరవాత నమూనా కావాలన్నారు. వాచ్‌మన్ ఉలి పెట్టి పూడిన రాతిలోంచి గుప్పెడంత ముక్క పెకలించి ఇచ్చాడు. అది ఈ రోజుకీ వారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపాడుతోంది.

ముక్క తీసిన చోట నీళ్ళు మళ్ళీ దూకాయి. పూడ్చాల్సిన బాక్టీరియా చచ్చి ఉన్నాయి. ఇక ఆఫీసు వెనక గోడకు యాసిడ్ పోశారు. తెల్లపెచ్చంతా బుసబుసా పొంగి కారిపోయింది. మళ్ళీ ఎవరూ అటు రాకుండా గోడ పొడవునా దేవుళ్ళ బొమ్మల టైల్స్ అతికించారు. మరుగుదొడ్డి తాళంచెవి మాత్రం డివిజన్ ఆఫీసులోనే ఉంది.

మెహరున్నీసాగారి ల్యాబులో ఒక సీసా మిగిలుంది. దాంతో మళ్ళీ మొదలెట్టాం. పదమూడో రోజున ఈ.ఈ.గారి పై అధికారి ఎస్.ఈ.గారు వచ్చారు. గీత, నమూనా. మళ్ళీ మొదలెట్టాం. తొమ్మిదో రోజున కలెక్టరుగారు. రెండు గీతలు, రెండు నమూనాలు, ఒకటి వారి క్యాంపు ఆఫీసుకు. ఇంత గొప్ప పని ఎందుకు కుంటుపడుతోందని పైనుంచి అడిగారు. బ్లీచింగు వల్ల అని రాశాను. జవాబు వారంలో వచ్చింది.

"పారిశుధ్య నియమములను సడలించుట సాధ్యము కాదు. అయితే ప్రభుత్వ బాక్టీరియాకు హాని కలుగకుండునట్లు తగు హెచ్చరిక బోర్డు ఏర్పాటు చేయవలెను."

బోర్డు పెట్టాం. "ఇచ్చట ప్రభుత్వ బాక్టీరియా పనిచేయుచున్నవి. బ్లీచింగ్ చల్లువారు గమనించగలరు." బలరామయ్య గమనించాడు. బోర్డు మట్టిపట్టి ఉందని దానిమీద కూడా కాస్త చల్లి తుడిచాడు.

తరవాత బాక్టీరియా ఎందుకు చస్తున్నాయో తేల్చడానికి నిపుణుల సంఘం వచ్చింది. ఐదుగురు నిపుణులు, ఐదుగురికీ గౌరవంగా గీతలు. వాళ్ళు ముక్కులు మూసుకుని, ఈ ప్రాంతంలో గాలిలో క్లోరిన్ ఎక్కువగా ఉందనీ, దాని మూలం అంతుపట్టలేదనీ, మరోసారి రావలసి ఉంటుందనీ రాసి వెళ్ళారు.

ఈ లోపల నాట్లు వేసి యాభై రోజులు దాటింది. శేషారత్నం వాగు గుంటల్లో నీళ్ళను ఆయిలింజనుతో తోడి పైరును ఎలాగో బతికిస్తోంది. ఒక సోమవారం పొద్దున ఆఫీసు బల్ల మీద ఆమె లేదు. కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే రోజు, అక్కడికి వెళ్ళింది. ఏం జరిగిందో సాయంత్రం వచ్చి తనే చెప్పింది.

అర్జీలో రాయించిన కోరిక ఒకటే: "మా అక్విడక్టుకు ఇరవయ్యొక్క రోజులు ఏ ఆఫీసరూ రాకుండా చూడవలెనని ప్రార్థన." కౌంటరు దగ్గర కంప్యూటరు గుమాస్తా చదివి తల గోక్కున్నాడట.

"ఏ శాఖ వాళ్ళు రావాలమ్మా?"

"ఏ శాఖ వాళ్ళూ రావద్దయ్యా. అదేగా రాసింది."

"అట్టాంటి గడి లేదమ్మా ఇందులో. శాఖ పెట్టకపోతే అర్జీ ముందుకు పోదు. సర్లే, 'అన్ని శాఖలు' అని పెడతన్నా."

ప్రతి అర్జీకీ క్షేత్రస్థాయి విచారణ తప్పనిసరి అన్నది రూలు. గురువారం ఏడు జీపులొచ్చాయి. వ్యవసాయం, పశుసంవర్ధకం, మత్స్యశాఖ, చివరికి చేనేత కూడా. ఏడు శాఖలకూ బలరామయ్య విడివిడిగా గీతలు గీశాడు. అందరూ పగులు చుట్టూ నిలబడి, బిస్కెట్లు తిని, ఉమ్మడి నివేదిక రాశారు: "అధికారులెవరూ సదరు అక్విడక్టు వద్ద సంచరించుట లేదని అందరమూ స్వయముగా సంచరించి నిర్ధారించడమైనది. అర్జీ పరిష్కరించబడినది."

మర్నాడు శేషారత్నానికి ఫోనొచ్చింది. పరిష్కారంతో తృప్తి పడితే ఒకటి నొక్కమనీ, లేకుంటే రెండు నొక్కమనీ. నేను చెప్పేలోపలే రెండు నొక్కేసింది. మరుసటి గురువారం ఏడు జీపులూ మళ్ళీ వచ్చాయి.

రెండు వారాల్లో ఇన్ని జీపులు తిరిగిన చోట ఏదో ఘనకార్యం జరుగుతోందని రాజధానికి తెలిసిపోయింది. మంత్రిగారి పర్యటన ఖరారైంది. పథకానికి పేరు కూడా పెట్టారు, "సూక్ష్మ సేతు" అని.

మంత్రిగారి బూట్లు తడవకూడదని మూడు రోజుల ముందే కాలువకు నీళ్ళు ఆపేశారు. అక్విడక్టు మొత్తానికి బ్లీచింగు కొట్టి, పైన తెల్లసున్నం వేశారు. పగులు చూడటానికి బాగోలేదని దానిమీద మంత్రిగారి ఫ్లెక్సీ కట్టారు. ఆరోజు బలరామయ్య గీసిన గీతలు చూసి తీరాల్సిందే. దొండవరం మలుపు నుంచి రెండు కిలోమీటర్లు, ఒక్కచోట వంకర లేదు.

"గత ప్రభుత్వాలు ఈ బాక్టీరియాను పట్టించుకున్నాయా?" అని అడిగారు మంత్రిగారు. "లేదు! వాటిని గోడల పాలు చేశాయి. ఈరోజు కోట్లాది బాక్టీరియాకు ఉపాధి చూపించిన ఘనత మనది!" చప్పట్లు మోగాయి. తరవాత లబ్ధిదారుచేత రెండు మాటలు చెప్పించాలన్నారు. శేషారత్నానికి మైకిచ్చారు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుని వేదిక మీద ఒక్కొక్కరినీ వరసగా చూసింది, నన్ను వరండాలో చూసినట్టే.

"అయ్యా, మీకందరికీ దండాలు. ఇక రాకండి," అంది.

త్రివిక్రమరావుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. పేపర్లో "లబ్ధిదారు కృతజ్ఞతలు" అని పడింది.

ఆ సాయంత్రం ఆమె నన్ను పోలుకొండ తీసుకెళ్ళింది. పగుల్లోంచి పడే నీళ్ళు ఆగడంతో వాగు గుంటలు కూడా ఎండిపోయాయి. వరి పొట్టకొచ్చే సమయానికి మూడు రోజులు నీళ్ళు లేక మడి నెర్రెలిచ్చింది. ఆమె కాలి బొటనవేలు ఒక నెర్రెలో పెట్టి చూపించింది. సగం దిగింది.

"మీ పగులు పూడ్చమని వచ్చా బాబూ. అది నా మడిలోకొచ్చింది," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇంకో నెల్లోపల నీళ్ళు రాకపోతే గడ్డి కోసుకోడమే."

ఇదంతా నా నివేదికలో ఒక్క గడి నింపినందుకు జరిగింది.

మర్నాడు ఆఫీసులో పాత ఫైళ్ళు ముందేసుకుని కూర్చున్నాను. జీపులు ఎక్కడెక్కడికి వెళతాయో చూశాను. కొత్త పనికి వెళతాయి. జరుగుతున్న పనికి వెళతాయి. పూర్తయిన పనికి శిలాఫలకంతో సహా వెళతాయి. విఫలమైన పనికి మాత్రం ఒక్క జీపూ వెళ్ళలేదు. మా డివిజన్లో విఫలమైన పనులు నలభై ఒకటున్నాయి. పదేళ్ళలో వాటి ముఖం చూసిన అధికారి లేడు. అక్కడికి వెళితే చూసినట్టు సంతకం పెట్టాలి, సంతకం పెడితే బాధ్యత తగులుతుంది.

కాగితం తీసుకుని రాశాను. "బాక్టీరియా ప్రయోగం పూర్తిగా విఫలమైనది. ఇకపై పూడు అవకాశము లేదు. బాధ్యత నాది."

త్రివిక్రమరావుగారు కేకలేశారు. "మంత్రిగారు ప్రారంభించిన పని ఎట్లా విఫలమవుతుందయ్యా!" అన్నారు. చివరి రెండు మాటలు చూశాక ఆయన గొంతు తగ్గింది. బాధ్యత తనంతట తాను తీసుకున్న ఉద్యోగిని ఆయన సర్వీసులో మొదటిసారి చూస్తున్నారు. నాకు చార్జి మెమో ఇచ్చి, ఫైలు మూసేయమన్నారు.

ఇప్పుడు బాక్టీరియా ఎక్కడినుంచి తేవాలి? గోడ దేవుళ్ళదైపోయింది. ల్యాబు సీసా ఎప్పుడో అయిపోయింది. మెహరున్నీసాగారు నిట్టూరుస్తుంటే శేషారత్నం అంది, "ఆ గోడ మీది పెచ్చులాంటిదే మా గొడ్లపాక గోడకీ ఉందమ్మా. గేదెల ఉచ్చ పడే చోట. పనికొస్తదేమో చూడండి."

పనికొచ్చింది. మెహరున్నీసాగారు చూసి, మీ ఆఫీసు వాళ్ళ కంటే ఇవే చురుగ్గా ఉన్నాయి సార్ అన్నారు. మేత కింద శేషారత్నం మిగిలిన యూరియా తెచ్చింది. సెలైన్ సీసాలు దారిలోకి కనపడకుండా తొట్టి లోపలివైపు కట్టాం. పాత బోర్డు పీకేసి, నేనే బ్రష్షు పట్టి కొత్తది రాశాను: "ఈ పని విఫలమైనది."

రోజులు లెక్కపెట్టాం. ఏడు. పది. పద్నాలుగు. పదిహేడో రోజున దొండవరం మలుపు దగ్గర దుమ్ము లేచింది. తెల్ల జీపు. శేషారత్నం నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఇద్దరం స్తంభం చాటున నిలబడ్డాం. జీపు నెమ్మదించింది. వెనక సీట్లో ఎవరో అద్దం దించి బోర్డు చదివారు. రెండోసారి కూడా చదివినట్టున్నారు. అద్దం పైకి లేచింది. జీపు అక్కడికక్కడే వెనక్కి తిరిగి, వచ్చినదాని కంటే వేగంగా వెళ్ళిపోయింది.

ఇరవయ్యొకటో రోజున అక్విడక్టు కింద నేల పొడిగా ఉంది. గేదెలు కాసేపు నిలబడి, విసుగొచ్చి వెళ్ళిపోయాయి. ఆ తరవాత మూడో రోజుకు పోలుకొండకు నీళ్ళు చేరాయి. నురగతో, ఎండుటాకులతో, మోకాలి లోతున. రెండున్నర ఎకరాల్లో ఎకరన్నర నిలబడింది. మిగతా ఎకరం తాలు. నిలబడినదాన్ని చూసి శేషారత్నం మొదటిసారి నా ముందు ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెహరున్నీసాగారు చేతిసంచీలోంచి చెంచా తీసి, పూడిన రాతిని ఒక్కసారి తట్టి చూసుకుని, గీకకుండా మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు.

నా చార్జి మెమో విచారణ మిగిలింది. విచారణాధికారి, ఒక రిటైరైన ఎస్.ఈ., కళ్ళజోడు సవరించుకుంటూ అన్నారు, "నిబంధన ప్రకారం నేను ఆ స్థలాన్ని స్వయంగా పరిశీలించి, వైఫల్యాన్ని ధ్రువీకరించాలి."

"నేను నేరం ఒప్పుకుంటే సార్?"

"ఒప్పుకుంటే పరిశీలన అక్కర్లేదు."

"అన్నీ ఒప్పుకుంటున్నాను సార్."

"ఆరోపణలు ఇంకా చదవలేదయ్యా."

"చదవండి. ఒక్కొక్కటీ ఒప్పుకుంటాను."

ఆయన చదివారు. పద్నాలుగు ఆరోపణలు. పద్నాలుగూ ఒప్పుకున్నాను. బాక్టీరియాను క్రమశిక్షణలో ఉంచలేకపోయానన్నది కూడా. ఎర్ర సిరా వాక్యం అప్పుడే పడింది, కొండ ప్రాంతానికి బదిలీ కూడా.

నా చోటికి వచ్చిన ఏ.ఈ. కొత్తమ్మాయి, పేరు తులసీరాణి. ఉత్సాహంగా ఉంది. ఫైళ్ళు అప్పజెబుతుంటే అక్విడక్టు దగ్గర ఆగింది. "ఒకసారి చూసొద్దామా సార్?"

"విఫలమైన పనమ్మా. చూస్తే సంతకం పెట్టాలి."

ఆమె ఫైలు మూసేసింది. ఈ ఉద్యోగంలో పైకొస్తుంది.

బస్సుకు ముందు శేషారత్నానికి చెప్పడానికి వెళ్ళాను. కళ్ళం దగ్గర ఉంది. తలగుడ్డ తీసి చేతులు తుడుచుకుని, కొత్త బియ్యం చిన్న మూట నా చేతిలో పెట్టింది. మా వైపు పొద్దున పోయి సాయంత్రం వచ్చే మనిషి కూడా గుమ్మం దగ్గర "వెళ్ళొస్తాను" అంటాడు. వట్టి "వెళ్తాను" అనేవాడెవడూ ఉండడు, అంటే పెద్దవాళ్ళు నోరు నొక్కుతారు. ఎదుటివాళ్ళు "మళ్ళీ రండి" అనడం మర్యాద. ఆమె నోరు తెరిచి, ఆ మాట దగ్గర ఆగిపోయింది. నేనింకా ఇరిగేషన్ శాఖ ఏ.ఈ.నే.

ఆమెకు ఆ కష్టం లేకుండా చేశాను.

"వెళ్తానమ్మా," అన్నాను.

"మంచిది బాబూ," అంది శేషారత్నం.